రెండో రోజు నమూనా

కొనకనమిట్ల మండల కార్యాలయంలో పనిచేసిన కాలంలో ప్రతి ఉదయం ఎనిమిదిన్నరకు వర్షమాపకంలోని నీటిని కొలిచి రాయడం నా విధుల్లో ఒకటి. తొమ్మిదింటికి కొలిస్తే అది ఎంత జాగ్రత్తగా కొలిచినా ఎనిమిదిన్నర లెక్క కాదు. ఉద్యోగ విరమణ చేసి మార్కాపురంలో స్థిరపడ్డాక, పెళ్లయి ఏడేళ్లయినా సంతానం కలగక వైద్యం కోసం మా దగ్గరే ఉంటున్న మా అమ్మాయి చికిత్స వివరాలను కూడా అదే పద్ధతిలో రాసిపెట్టాను.

నెలసరి రెండో రోజున రక్తపరీక్ష చేయించాలని ఒంగోలు డాక్టరమ్మ చెప్పింది. ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోను ఆ రోజు ఎక్కువగా ఉంటే అండాల నిల్వ తగ్గినట్టు. సూదిమందు మోతాదు, సొంత అండాలతో ప్రయత్నించడంలో ఎంత ఆశ పెట్టుకోవచ్చన్నది ఆ అంకెను చూసే చెబుతుందట. అప్పటికి ఒక ఐవీఎఫ్ ప్రయత్నం విఫలమైంది. రెండోదే ఆఖరుదని అమ్మాయి ముందే తేల్చి చెప్పింది.

మా ఇళ్లలో ఆడపిల్ల నెలసరి సంగతి తండ్రికి చెప్పదు. తల్లికి చెప్పి దూరంగా కూర్చుంటుంది. మా ఆవిడ వంటింటి క్యాలెండరు మీద పెన్సిలుతో చుక్క పెట్టేది. దాన్ని చూసి నేను తేదీ రాసుకునేవాణ్ణి.

"వాన లెక్క రాసినట్ల రాస్తాండాడు చూడు మీ నాయన," అని ఆవిడ ఎగతాళి.

ఆ నెల చుక్క సోమవారం మీద పడింది. మంగళవారం రక్తమిచ్చాం. ఎఫ్‌ఎస్‌హెచ్ 6.8 వచ్చింది. బాగుందనుకున్నాను. డాక్టరమ్మ మాత్రం దాని కింది వరుస చూసింది.

"ఈస్ట్రడయోల్ తొంభై ఆరు ఉంది. నెలసరి మొదలై రోజులు గడిచేకొద్దీ ఈ హార్మోను పెరిగి ఎఫ్‌ఎస్‌హెచ్‌ను కిందికి నొక్కేస్తుంది. అందుకే ఈ 6.8ని నేను నమ్మలేను. ఇచ్చింది రెండో రోజేనా పెద్దాయనా?"

నేను పుస్తకం తెరిచి తేదీ చూపాను.

"నాయన రాసింది తప్పు కాదు," అంది అమ్మాయి, గోడ వైపు చూస్తూ. "నేను చెప్పిందే తప్పు. శనివారం పొద్దున్నే అయింది."

శనివారం మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం. ఆమెకు బిడ్డ కలగాలనే చేయించాం. అల్లుడు గిద్దలూరు నుంచి వచ్చి ఆమె పక్కన పీటల మీద కూర్చున్నాడు.

పక్క కుర్చీలోని మా ఆవిడ గొంతు తగ్గించింది. "ఏందే, అట్లనే కూర్చున్నావా? ప్రసాదం గూడా నీ చేత్తోనే పంచితివి గదే!"

"బిడ్డ కోసమని కథ చదువుతాంటే ఎట్ల లేచేదమ్మా? లేస్తే ఈ నెల గూడా లేదని వచ్చినోళ్లందరికీ తెలిసిపోదా?"

అంటే మేమిచ్చింది నాలుగో రోజు రక్తం. ఆ నెల మందులు మొదలుపెట్టలేదు. తిరుగు ప్రయాణంలో పొదిలి దాటాక మా ఆవిడ, "ఇంకమీదట మీ నాయనకే చెప్పుకో," అంది.

మరుసటి నెల అమ్మాయి నేరుగా వసారాలోకి వచ్చింది.

"నాయనా, ఈపొద్దే. ఆరూ ఇరవైకి."

ఈ సంగతి ఆమె నేరుగా నాతో చెప్పడం అదే మొదటిసారి. సరేనమ్మా అని రాసుకున్నాను.

మర్నాటి ఫలితంలో ఈస్ట్రడయోల్ 38, ఎఫ్‌ఎస్‌హెచ్ 14. సరైన రోజు తెచ్చిన అంకె చెడ్డది. అండాలు తక్కువే వస్తాయని, ప్రయత్నం మానక్కర లేదని డాక్టరమ్మ చెప్పింది. మోతాదు పెంచింది. మూడు అండాలు దొరికాయి. వాటిలో ఒక్కటే పిండమై గర్భాశయంలోకి చేరింది. ఆ తర్వాత పద్నాలుగో రోజున చూస్తే గర్భం తెలిపే హార్మోను ఒకటి కన్నా తక్కువ ఉంది; అంటే గర్భం నిలవలేదు. మందులు ఆపేయమన్నారు.

ఆపిన మూడో రోజు ఉదయం అమ్మాయి మళ్లీ వసారాలోకి వచ్చింది.

"నాయనా, ఏడూ పదికి. అమ్మకింకా చెప్పలేదు."

"ఇప్పుడు డాక్టరమ్మ అడగదు గదమ్మా."

"తెలుసులే. అయినా రాసుకో."

ఆ తేదీకి ఎదురుగా రాయవలసిన పరీక్ష ఏదీ లేదు. సమయం రాసి, పుస్తకం ఆమెకు చూపించాను.