సాగని తాడు

పోయిన నెల మా మనవరాలు నన్ను కొల్లాపూర్ దిక్కు ఏటి ఒడ్డుకు తీసుకుపోయింది. నీళ్లు చూపిస్తానంది. నేను చూడని నీళ్లా అని నవ్వుకుంటూనే కారెక్కాను. తీరా చూస్తే, చూడని నీళ్లే. నాకు తెలిసిన బండలూ గుండాలూ ఒక్కటీ లేవు. డ్యాము కట్టాక అన్నీ అడుక్కి పోయాయట. పైన నిండుగా, కదలకుండా పరుచుకున్న నీరు. ఒడ్డున మోటారు పడవ ఒకటి నీలం రంగు ప్లాస్టిక్ తాడుతో కట్టి ఉంది. మనవరాలు ఫొటోలు తీసుకుంటుంటే నేను వంగి ఆ తాడును బొటనవేలితో నొక్కి, రెండు చేతులా పట్టి గుంజి చూశాను. పడవ నడిపే అతను నవ్వాడు.

“ఏంది అవ్వా, కొంటవా ఏంది?”

“ఇది సాగుతదా నాయినా?”

“సాగుడెందుకు? తెగకుంటే సాలదా?”

అచ్చంగా మా నాయన మాట. పెళ్లయిన కొత్తలో ఆ మాట పట్టుకునే నేను ఏడెనిమిది మందిని నడి ఏట్లో ఇరికించాను. ఈ సంగతి మనవరాలికి ఇంతవరకు చెప్పలేదు. మీకు చెబుతాను.

మాది తిమ్మాజిపేట దిక్కు మెట్ట ఊరు. నీళ్లంటే మాకు బావి నీళ్లే, అవీ ఎక్కడో పాతాళంలో. ఎద్దులను కట్టి మోట కొట్టి తోడాలి. తోలు బొక్కెనను లాగే ఆ మోటతాడు పేనడంలో మా నాయనకు చుట్టుపక్కల పెట్టింది పేరు. జనుము నానబెట్టి, నార తీసి, ఎండబెట్టి, మూడు పురులు కలిపి పేనేవాడు. పేనాక తాడును దూలానికి వేలాడదీసి, కొసకు రాళ్లు నింపిన బొక్కెన కట్టి, అది ఎంతవరకు దిగిందో గోడ మీద బొగ్గుతో గీత పెట్టేవాడు. పొద్దంతా వేలాడాక ఆ గీత దాటి వేలెడు దిగిందా, మొత్తం విప్పి మళ్లీ మొదలు. “బిర్రుగుండాలె బిడ్డా. సాగిందంటే అది తాడే గాదు,” అనేవాడు. బిర్రు అంటే బిగువు. ఆ మాట ఆయనకు తాళ్లతో ఆగలేదు. మంచం నులక బిర్రుగా ఉండాలి, తలపాగా బిర్రుగా ఉండాలి, చివరికి మా అమ్మ నాకు జడ వేస్తున్నా పక్కన నిలబడి ఇంకా బిగించమనేవాడు. నా కళ్లు కాస్త పైకి లాగినట్టు ఉంటాయని ఇప్పటికీ అంటారు. పాపం ఆ జడదే అనుకుంటాను.

అట్లాంటి ఇంటి పిల్లను తీసుకుపోయి కృష్ణ ఒడ్డున పడవ నడిపే ఇంట్లో ఇచ్చారు. ఆ సంబంధం కుదిర్చిన మహానుభావుడికి ఒక దండం. వాకిట్లోకి వస్తే ఏరు, పెరట్లోకి పోతే ఏరు, చెవులు మూసుకున్నా ఏరే. ఈత రాదు, పడవెక్కితే కడుపులో తిప్పేది. పుట్టింటి దారి రెండు రోజుల బండి ప్రయాణం. ఎటు చూసినా కదలడానికి చోటు లేదనిపించేది. ఆ ఇంట్లో నాది అని చెప్పుకోవడానికి ఉన్నది ఒక్కటే, అంపకాలనాడు నాయన బండిలో వేసిన కొత్త తాడు చుట్ట. పడవోళ్ల ఇల్లు కదా, అక్కరకొస్తుందని సారెతో పాటు ఇచ్చాడు. పిండివంటలు వారంలో అయిపోయాయి. తాడు మిగిలింది. పని లేనప్పుడు కొట్టంలోకి పోయి దాన్ని వాసన చూసేదాన్ని. మా ఇంటి వాసన వచ్చేది.

మా మామ, అంటే మా ఆయన తండ్రి, మాటల్లో మహా పిసినారి. ఆ ఏడు వానలు మొదలయ్యే ముందు లంగరుతాడు మార్చాలనుకున్నాడు. లంగరంటే ఇనుపది కాదు, నడుమ తొలిచిన పెద్ద బండరాయి. వాకిట్లో రెండు తాళ్లు పడేశాడు. ఒకటి మా నాయనది, తెల్లగా, నున్నగా. రెండోది కర్నూలు దిక్కు నుంచి తెప్పించిన కొబ్బరిపీచు మోకు. ముసలి మేకలా గోధుమరంగు వెంట్రుకలతో ఉంది. మామ రెండింటినీ తడిపాడు, కొస కొరికి చూశాడు, కాలి కింద తొక్కిపట్టి పైకి గుంజాడు. పీచు మోకు మూలుగుతూ సాగింది, వదిలితే మళ్లీ ముడుచుకుంది. నాయన తాడు వెంట్రుక వాసి కదల్లేదు. తలుపు చాటున నేను మురిసిపోతున్నాను. మామ లేచి పీచు మోకును భుజాన వేసుకున్నాడు.

“అది బాయికి మంచిది. ఏటికి గాదు.”

అంతే. అదీ ఇరుగుపొరుగు వాళ్ల ముందు. మా నాయనను నలుగురిలో నిలబెట్టి తిట్టినట్టయింది నాకు. వారం రోజులు అన్నం సహించలేదు.

శ్రావణంలో ఒకనాడు మధ్యాహ్నం అవతలి ఒడ్డున ఉన్న ఆడబిడ్డను చూడటానికి నన్ను పంపారు. మామ జనాన్ని ఎక్కించే హడావుడిలో ఉండి, కొట్టంలోంచి తాడు తెచ్చి రాయికి కట్టమన్నాడు. రెండు చుట్టలూ పక్కపక్కనే ఉన్నాయి. ఏది తెచ్చి ఉంటానో మీరు ఊహించే ఉంటారు. ఒక కొస లంగరు రాయికి, ఇంకో కొస పడవ ముక్కు దగ్గరి గుంజకు, నాయన నేర్పిన ముడితో బిర్రుగా కట్టి, చుట్ట మీద గోనెసంచి కప్పి బుద్ధిమంతురాలిలా కూర్చున్నాను.

నడి ఏటికి వచ్చేసరికి నీళ్ల రంగు మారింది. ఎగువన ఎక్కడో వాన కుమ్మరించినట్టుంది, ఎర్రటి నీళ్లు ఉరుకుతూ వచ్చాయి. మామ పడవ నెట్టే గడ రెండు బండల మధ్య ఇరుక్కుని చేతిలోంచి జారిపోయింది. దిగువన గుండం, అక్కడ బండల మీద నీళ్లు నిలువెత్తున లేస్తున్నాయి. మామ గోనె లాగేసి లంగరు రాయిని నీళ్లలోకి తోశాడు. తెల్లతాడు సర్రున పరుగెత్తింది. ఆయన దాన్ని చూశాడు, తర్వాత నన్ను చూశాడు. రాయి అడుగున ఏ సందులోనో పట్టింది. పడవ ఠక్కున ఆగింది. మేమంతా ఒకరి మీద ఒకరం పడ్డాం.

బతికిపోయామనుకున్నారు అందరూ. నేనూ లోపల నాయనకు దండం పెట్టుకున్నాను. ఆ సంతోషం ఎంతోసేపు లేదు. అల వచ్చినప్పుడల్లా పడవ వెనక్కి పోతుంది. తాడు ఇసుమంత సాగదు. ఆ లాగు మొత్తం పడవ ముక్కు మీద గుద్దినట్టు పడుతుంది. మొదట గుంజ కిర్రుమంది, తర్వాత దాని మొదట్లో చెక్కలు విడిచాయి, ఆ సందులోంచి నీళ్లు రావడం మొదలైంది. మా నాయన తాడు తెగలేదు, తెగదు. తెగకుండానే పడవను చీలుస్తోంది. దాన్ని కోస్తే గుండం, కోయకపోతే మునక. ఒడ్డు కళ్లెదుటే ఉంది. అక్కడ ఒకామె బట్టలు ఆరేస్తుంటే చీర రంగు కూడా కనిపిస్తోంది. ఆమె అంత దగ్గర, మేం కదల్లేం. అంత భయం నేను మళ్లీ ఎప్పుడూ పడలేదు.

“మామా, తాడు నేనే మార్చిన,” అన్నాను ఏడుస్తూ.

“కండ్లున్నయి గద బిడ్డా నాకు. జర నీళ్లు తోడు,” అని చెంబు నా చేతిలో పెట్టాడు.

పడవలో ఒక ముసలవ్వ కూతురికని కొత్త ఇసుర్రాయి తీసుకుపోతోంది. మామ దాని పైరాయి అడిగాడు.

“గదేంది! నా బిడ్డ జొన్నలు దేంతోటి ఇసురుకుంటది? మూడూర్లు దిరిగి తెచ్చిన.”

“నువ్వు ఒడ్డుకు జేరితే గదనే ఇసురుకునేది.”

అవ్వ మా ఇంటి ఏడు తరాలనూ తిడుతూ ఇచ్చింది. ఇసుర్రాళ్లను అవ్వ కట్టి తెచ్చిన సన్నతాడునే మామ ఆ రాయి కంతలో దూర్చి, లంగరుతాడు చుట్టూ వదులుగా ఉచ్చు వేసి నీళ్లలోకి విడిచాడు. రాయి తాడు వెంట జారుతూ నడుమకు పోయింది. దాని బరువుకు తాడు కిందికి వంగింది. ఇప్పుడు అల లాగితే ముందు ఆ వంపు తీరాలి, రాయి పైకి లేవాలి, ఆ తర్వాతే పడవ మీద పట్టు. గుద్దులు పోయి ఊపులయ్యాయి. సాగని తాడును సాగేటట్టు చేశాడు మా మామ, ఒక ఇసుర్రాయితో.

పొద్దు వాలేదాకా నీళ్లు తోడుతూనే ఉన్నాను. మా ఆయన ఇంకో ఇద్దరితో గుండ్రటి పుట్టి పడవలో వచ్చి మనుషులను విడతలుగా ఒడ్డుకు చేర్చాడు. చివరికి నీళ్ల జోరు తగ్గాక లంగరు విప్పబోతే నేను వేసిన ముడి విప్పడం ఎవరి వల్లా కాలేదు. మామ కత్తితో కోశాడు. నాయన తాడూ అవ్వ రాయీ ఏటికే పోయాయి. అవ్వకు మామ మరుసటి వారం కొత్త ఇసుర్రాయి మోసుకుపోయి ఇచ్చాడు. ఇంట్లో మాత్రం ఆ తాడు మాట ఎవరి దగ్గరా ఎత్తలేదు.

దసరాకు నాయన నన్ను తీసుకుపోవడానికి వచ్చాడు. కాళ్లు కడుక్కోకముందే అడిగాడు.

“నా తాడెట్లున్నది బావా?”

చెంబు పట్టుకుని అక్కడే నిలబడ్డాను. నడి ఏట్లో కూర్చున్నట్టే ఉంది. మామ తీరిగ్గా నాయన ముఖంలోకి చూశాడు.

“తెగలే,” అన్నాడు. “ఆ వానల్ల అది తెగుంటే నీ బిడ్డ లేదు బావా.”

ఒక్క అక్షరం అబద్ధం లేదు. మా నాయన తలపాగా సర్దుకున్న తీరు చూసి తీరాలి. ఊరికి పోయీ పోగానే ఇంకో తాడు, మరింత బిర్రుగా పేని పంపాడు. మామ దాన్ని ఇంటి దూలానికి కట్టించాడు. నా నలుగురు పిల్లలూ ఆ తాడు ఉయ్యాలలోనే పెరిగారు.

నాయన తన తాడే గెలిచిందనుకుంటూ పోయాడు. మామ అసలు సంగతి చెప్పకుండానే పోయాడు. నడి ఏట్లోని ఆ మధ్యాహ్నం నుంచి నేను ఎంత దూరం వచ్చినా ఆ తాడు నన్ను వదల్లేదు. ఇన్నేళ్లకు కాస్త సాగింది, అందుకే ఇవాళ చెప్పగలిగాను.