రెండుసార్లు తొక్కి, అప్పుడు తాళం

ఆ షెడ్డులో కార్లు బాగుచేసే మనిషిని అందరూ చెవి మేస్త్రి అనేవాళ్ళు. అసలు పేరు భార్యకైనా గుర్తుందో లేదో అనుమానమే. ఎవరైనా ఇంటికొచ్చి తలుపు తడితే ఆవిడ కూడా "చెవాయన లేరండీ, షెడ్డుకెళ్ళారు" అనేది. బండి గేటు దాటి లోపలికి వస్తుండగానే, తలెత్తకుండా చప్పుడు వినే, "మూడో ప్లగ్గు చూడాలి" అనేసేవాడు మేస్త్రి. విప్పి చూస్తే మూడో ప్లగ్గే. ఆ గొప్ప అతని నెత్తికెక్కిన మాట నిజం. ముప్ఫై ఏళ్ళు అన్నదల్లా నిజమవుతూ పోతే ఎవరికి మాత్రం ఎక్కదు లెండి!

అతనికో అలవాటుంది. బండి స్టార్ట్ చెయ్యాలంటే లోపల కూర్చునేవాడు కాదు. డ్రైవరు పక్క కిటికీలోంచి చెయ్యి దూర్చి తాళం తిప్పేవాడు, తల మాత్రం బానెట్ వైపు వంచి. సీట్లో కూర్చుంటే సగం చప్పుడు పోతుందని అతని నమ్మకం. ఈ ముక్క కాస్త గుర్తుపెట్టుకోండి. అతనికి ఇది సమయానికి గుర్తు రాలేదు, దాంతోనే వచ్చింది తంటా అంతా.

అతని ఖాతాదారుల్లో ఒక టీచరమ్మ ఉండేది. లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. పద్దెనిమిదేళ్ళ కిందట ఒక పాత తెల్ల కారు కొనుక్కుంది. కొన్న మొదటి చలికాలంలో పొద్దున్నే అది స్టార్టవక మొరాయిస్తుంటే, మేస్త్రి ఆవిణ్ణి సీట్లో కూర్చోబెట్టి పాఠం చెప్పాడు.

"అమ్మా, తాళం తిప్పకముందే యాక్సిలరేటర్ రెండుసార్లు తొక్కండి. తొక్కి, కాలు తియ్యకుండా కాస్త ఆనించి ఉంచండి. అప్పుడు తాళం తిప్పండి. ఇక మీ మాట వినకపోతే నన్నడగండి."

ఇంజనుకి పెట్రోలు అందించే కార్బురేటర్ ఉన్న పాత బండికి అది మంచి మందే. రెండు తొక్కులకి నాలుగు చుక్కల పెట్రోలు ముందే లోపల పడుతుంది. టీచరమ్మ ఆ పద్ధతి తు.చ. తప్పకుండా పాటించింది. ఎండాకాలంలో కూడా రెండు తొక్కులే, కాలు ఆనించడమే, తాళమే. "ఒక్కసారి చెప్తే చాలు, చదువుకున్నవాళ్ళంటే అలా ఉండాలి" అని మేస్త్రి ఆవిణ్ణి చూపించి మిగతావాళ్ళకి వాత పెట్టేవాడు.

పోయినేడు ఆ కార్బురేటర్ అరిగిపోయింది. కొత్తది ఎక్కడా దొరకలేదు. ఆ వీధి చివరే ల్యాప్‌టాప్‌లు పెట్టుకుని కూర్చునే కుర్రాళ్ళ వర్క్‌షాప్ ఒకటి వెలిసింది, పాత ఖాతాదారులు ఒక్కొక్కరే అటు జారుకుంటున్నారు. మేస్త్రికి అది గుండెల్లో గుచ్చుకుంటూనే ఉంది. కార్బురేటర్ బదులు పాత బండికి బిగించుకునే ఇంజెక్షన్ కిట్ ఒకటి తెప్పిస్తానన్నాడు. ఒక చిన్న పెట్టె ఉంటుంది, అందులో కంప్యూటరు. ఎంత పెట్రోలు పొయ్యాలో అదే చూసుకుంటుంది. మేస్త్రి దాన్ని బిగించడం అదే మొదలు. ఆ సంగతి టీచరమ్మకి చెప్పలేదు.

కిట్‌తో పాటు లావుపాటి పుస్తకం వచ్చింది. వైర్ల బొమ్మలున్న పేజీలు నాలుగు చూసి, మిగతాదాన్ని ప్లాస్టిక్ కవరు కూడా పూర్తిగా విప్పకుండా ఆయిల్ డబ్బాల మీది అరలో పడేశాడు. పన్నెండు రోజులు కిందా మీదా పడ్డాడు. పదమూడో రోజు కిటికీలోంచి చెయ్యి దూర్చి తాళం తిప్పితే, ఇంజను ఒక్క పలుకు తేడా లేకుండా పాడింది. మేస్త్రికి కళ్ళు చెమర్చాయి.

వారం తిరక్కుండా టీచరమ్మ ఫోన్ చేసింది.

"మేస్త్రీ, కూడలి దగ్గర కాలు తియ్యగానే బండి ఆగిపోతోందయ్యా. వెనక అందరూ ఒకటే హారన్లు."

ఆవిడ కంగారుకి కారణం ఉంది. ఆవిడ అక్కకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ప్రతి మంగళవారం, శుక్రవారం ఊరికి అటు చివరున్న వ్యాయామ కేంద్రానికి తీసుకెళ్ళాలి. అప్పుడప్పుడే వేళ్ళు కదులుతున్నాయి, చెంచా పట్టుకోవడం వచ్చింది. మొదటి ఆర్నెల్లే ముఖ్యమనీ, ఒక్కరోజు కూడా మానొద్దనీ అక్కడ వ్యాయామం చేయించే అమ్మాయి మరీ మరీ చెప్పింది.

బండి షెడ్డుకొచ్చింది. మేస్త్రి పంపు ఒత్తిడి చూశాడు. ఫిల్టర్ మార్చాడు. గాలి ఎక్కడైనా దొంగతనంగా దూరుతోందేమోనని ప్రతి గొట్టం తడిమాడు. వైర్ల కొసలన్నీ గీకి మళ్ళీ బిగించాడు. ప్రతిసారీ కిటికీలోంచి చెయ్యి, తాళం, చెవి. ఇంజను ఆడుతుండగా ఎక్కి ఊరంతా తిప్పాడు. ఎక్కడా ఆగలేదు. ఆవిడ చేతికిచ్చిన మర్నాడే ఆగింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ ఏమీ దొరకలేదు.

మూడోసారి టీచరమ్మతో పాటు ఆవిడ తమ్ముడూ వచ్చాడు. కళ్ళజోళ్ళ దుకాణం ఆయనది, సూటిగా మాట్లాడే మనిషి.

"మేస్త్రీ, నాన్చకుండా చెప్పు. లోపం ఎక్కడుంది?"

నాకు తెలీడం లేదు అంటే అయిపోయేది. మూడే మూడు మాటలు. కానీ షెడ్డులో ఇంకో ఇద్దరు ఖాతాదారులు నిలబడి వింటున్నారు. ముప్ఫై ఏళ్ళలో ఆ మాట అతని నోట రాలేదు, ఆ రోజూ రాలేదు.

"బండిలో ఏం లేదు సార్. నా చేతిలో ఒక్కసారి కూడా ఆగలేదు. అమ్మగారికి... వయసు కదండీ. కాలు పెడల్ మీద నిలకడగా ఆగుతున్నట్టు లేదు."

టీచరమ్మ పక్కనే స్టూలు మీద కూర్చుని ఉంది. తల వంచి తన కుడికాలు వైపు చూసుకుంది, అదేదో కొత్తగా వచ్చిన కాలన్నట్టు. తర్వాత లేచి, తాళం తీసి తమ్ముడి చేతిలో పెట్టింది. మేస్త్రి చేతులు తుడుచుకునే నెపంతో అటు తిరిగాడు. అన్న మాట నిజమో కాదో తనకి తెలీదని అతనికి ఆ క్షణంలోనే తెలుసు.

నాలుగు నెలలు గడిచాయి. కారు మీద దుప్పటి కప్పారట. తమ్ముడికి తీరినప్పుడు అక్కగారిని కేంద్రానికి తీసుకెళ్తున్నాడట, తీరనప్పుడు లేదట. ఇవన్నీ మేస్త్రి చెవిన పడుతూనే ఉన్నాయి. ఇంజన్ల చప్పుళ్ళు వినే చెవికి ఇవి వినబడకుండా ఉంటాయా? విని ఊరుకున్నాడు.

ఒక చలి పొద్దున కుళాయిలు బిగించే ఒకాయన తన పాత వ్యాను నెట్టుకుంటూ వచ్చాడు. కార్బురేటర్ బండి. కొత్తగా కొన్నాడు, స్టార్ట్ చెయ్యడం చాతకావడం లేదు. మేస్త్రి అలవాటుగా అందుకున్నాడు.

"తాళం తిప్పకముందే రెండుసార్లు తొక్కు. తొక్కి, కాలు తియ్యకుండా కాస్త ఆనించి..."

అక్కడ ఆగిపోయాడు.

"ఆనించి? తర్వాత?" అన్నాడు కుళాయిలాయన.

మేస్త్రి చేతిలోని పానా కింద పెట్టాడు. తన గొంతు తనకే వినబడింది. ఈ మాటలే ఇంకొకరికి చెప్పాడు. ఆవిడ పద్దెనిమిదేళ్ళుగా ఒక్క రోజు తప్పకుండా పాటిస్తోంది. తను మాత్రం కిటికీలోంచి చెయ్యి దూర్చి తిప్పుతాడు, కాలు పెడల్ దరిదాపుల్లో కూడా ఉండదు.

స్టూలెక్కి అరలోంచి పుస్తకం లాగాడు. పదిహేడో పేజీలో పెద్ద గడి కట్టి, అందులో పెడల్ మీద పాదం బొమ్మ వేసి, దాన్ని అడ్డంగా కొట్టేశారు. తాళం తిప్పేటప్పుడు పెడల్ ముట్టుకోవద్దు. ఆ క్షణాన పెడల్ ఎక్కడుంటే అదే కాలు తీసేసిన చోటని పెట్టె అనుకుంటుంది. తర్వాత నిజంగా కాలు తీస్తే దానికి బండి నిలబడి ఉందని అర్థం కాదు, నిలబడ్డ బండిలో ఇంజను ఆడుతూ ఉండటానికి పొయ్యాల్సిన పెట్రోలు పొయ్యదు. ఇంజను ఆగిపోతుంది. చదువు రానివాడికి కూడా అర్థమయ్యేలా వేసిన బొమ్మ అది. మేస్త్రికి తల తీసేసినట్టయింది.

మధ్యాహ్నం చార్జి చేసిన బ్యాటరీ ఒకటి స్కూటర్ మీద పెట్టుకుని టీచరమ్మ ఇంటికి బయల్దేరాడు. దారి పొడుగునా మనసు ఒక ఉపాయం చెబుతూనే ఉంది. 'కొత్త సెట్టింగ్ పెట్టాను, ఇకనుంచి పెడల్ ముట్టుకోకుండా తిప్పండి' అంటే సరి. బండీ బాగుపడుతుంది, పేరూ నిలబడుతుంది, ఎవరికీ ఏమీ తెలీదు. సిగ్గులేని మాటే. కానీ గేటు తీసేసరికి దాన్నే నోట్లో సిద్ధంగా పెట్టుకున్నాడు.

ముందు గదిలో టీచరమ్మ, కిటికీ పక్కన ఆవిడ అక్క. అక్కగారి కుడిచెయ్యి ఒళ్ళో ముడుచుకుని ఉంది.

"అమ్మా, బండికి చిన్న సెట్టింగ్ ఒకటి..."

"ఉండు మేస్త్రీ. సమయానికొచ్చావు. నిన్నొకటి అడగాలి."

ఆవిడ కుర్చీ కిందనుంచి బరువు చూసుకునే మిషను ముందుకి లాగింది. కుర్చీలో కూర్చుని కుడిపాదం దాని మీద పెట్టి నొక్కింది. ముల్లు అయిదు కిలోల దగ్గర నిలబడింది. ఆవిడ పైకే లెక్కపెడుతోంది. ఒకటి, రెండు, మూడు. యాభై దాకా లెక్కపెట్టింది.

"ముల్లు కదిలిందా?"

"లేదమ్మా."

"రోజూ పొద్దున్నే చేస్తున్నా. డాక్టరుకీ చూపించుకున్నా, కాలికేం లేదన్నాడు. నేనే నమ్మలేదు. ఏం లేకపోతే మేస్త్రి ఎందుకంటాడు, అతను వినకుండా అనే మనిషి కాదు అనుకున్నా. ఇప్పుడు నువ్వే చూశావుగా. ఇది చాలదా, చెప్పు. ఇంకా నిలకడ కావాలా?"

మేస్త్రి ఆ మిషను పక్కనే నేల మీద కూర్చున్నాడు. మోసుకొచ్చిన అబద్ధాన్ని అక్కడే వదిలేశాడు.

"మీ కాలికేం లేదమ్మా. ఎప్పుడూ లేదు. తప్పు నాది."

అంతా చెప్పాడు. పుస్తకం చదవలేదని, అలాంటి కిట్ బిగించడం అదే మొదలని, ఆ రోజు షెడ్డులో తనకి ఏమీ తెలీకే ఆ మాట అన్నానని.

"అంటే, నువ్వు చెప్పింది చెప్పినట్టు చేసినందుకా?"

"అవునమ్మా."

ఆవిడ అక్క చేతి వైపు చూసింది. తర్వాత లేచి బీరువాలోంచి రెండో తాళం తీసింది. ఈ తాళం ఉందని తమ్ముడికి తెలీదు, ఇన్నాళ్ళూ దాన్ని తాకే ధైర్యం ఆవిడకీ లేకపోయింది.

మేస్త్రి దుప్పటి తీసి బ్యాటరీ మార్చాడు. టీచరమ్మ సీట్లో కూర్చుంది. తాళం పెట్టగానే కాలు దానంతటదే రెండుసార్లు తొక్కింది.

"ముట్టుకోకండమ్మా."

మళ్ళీ తొక్కింది. మూడోసారీ అంతే. ఆవిడ విసుగ్గా తలుపు తెరిచి, ఆ కాలు తీసి బయట నేల మీద పెట్టింది. తాళం తిప్పింది. ఇంజను అందుకుంది.

"ఆ రోజు అందరి ముందూ అన్నావు" అంది, కాలు లోపలికి తీసుకుంటూ. "ఇవాళ నాకొక్కదానికే చెప్తే ఎలా? ఎక్కు."

అక్కని వెనక కూర్చోబెట్టి తిన్నగా తమ్ముడి దుకాణానికి పోనిచ్చింది. అక్కడ అయిదారుగురు కళ్ళజోళ్ళు పెట్టుకుని చూసుకుంటున్నారు. మేస్త్రి చేతులు కట్టుకుని నిలబడి, వాళ్ళందరి ముందూ మొదటినుంచీ చెప్పాడు. నాలుగు తిట్లు పడతాయనుకున్నాడు, పడితే బాగుండుననుకున్నాడు. ఆ తమ్ముడు అద్దం తుడుచుకుంటూనే, "అంతేనా? పోనీలే మేస్త్రీ, ఎవరికి తెలుస్తాయివన్నీ" అన్నాడు. ఆ మాటకి మేస్త్రి మరింత కుంగిపోయాడు.

ఆ రోజు మంగళవారం. టీచరమ్మ బండిని వ్యాయామ కేంద్రం వైపు తిప్పింది. ఒకప్పుడు ఆగిపోయిన ఆ కూడలిలోనే ఎర్రలైటు పడింది. ఆవిడ కాలు పూర్తిగా తీసి కింద పెట్టింది.

"విను. నీకు చెవి ఉందిగా."

విన్నాడు. ఇంజను ఒకే తీరున ఆడుతోంది. వంక పెట్టడానికేమీ లేదు. అప్పుడు వెనక చిన్న అలికిడైతే తిరిగి చూశాడు. అక్కగారు ఎడంచేత్తో, నాలుగు నెలల కిందట చెంచా పట్టుకున్న కుడిచేతి వేళ్ళని ఒక్కొక్కటే పట్టుకుని సాపు చేసుకుంటోంది. వదిలిన వేలు వదిలినట్టే మళ్ళీ ముడుచుకుపోతోంది.

పచ్చలైటు పడింది. బండి కదిలింది. ఆ వేళ్ళ గురించి ఎవరూ అతన్ని ఏమీ అడగలేదు.