రెండో ఓడ నడిపిన అన్నయ్య

మా పాత ఇంటి అవుట్‌హౌస్‌లో ఉండే అన్నయ్యగారు పోయారన్న కబురు నాకు ఒక మధ్యాహ్నం, వంటింట్లో ఉండగా తెలిసింది. ఫోను చేసినతను ఆయన డిపోలో బస్సు డ్రైవరు. నన్ను ఎప్పుడూ చూసినవాడు కాదు.

"అన్న ఫోన్ల మీ నంబర్ 'చెల్లె' అని ఉందక్కా. ఇంటోళ్ళే అనుకొని చేసిన," అన్నాడు. తర్వాత అసలు సంగతి చెప్పాడు. "అన్న పోయిండు. పొద్దుగాల డ్యూటీ దిగి, నీళ్ళు తాగి బెంచీ మీద ఒరిగిండు. పండుకున్నడనుకున్నం."

నేను ఆయన ఇంటిమనిషిని కానని ఆ అబ్బాయికి చెప్పలేకపోయాను. పొయ్యి కట్టేసి నేలమీద కూర్చున్నాను. ఎవరికి చెప్పాలో తోచలేదు. మావారు సైటులో ఉన్నారు. ఈ ఊళ్ళో అన్నయ్యగారిని ఎరిగినవాళ్ళు ఇంకెవరూ నాకు తెలియదు. చివరికి, నేనెప్పుడూ చూడని దేశాల్లో ఉన్న, నేనెప్పుడూ చూడని మనుషులకి చెప్పాను. ఎందుకో చెబుతాను.

మేము దోహా వచ్చిన కొత్తలో ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో ఒక విల్లాలో ఒక భాగం అద్దెకి తీసుకున్నాం. ప్రపంచ కప్పు కోసం ఊరంతా తవ్వి కడుతున్న కాలం. మావారు స్టేడియం పనిలో ఇంజనీరు. చీకటితో వెళ్ళి చీకటితో వచ్చేవారు. భీమవరంలో ఎంసీఏ చదివిన నేను అక్కడ తలుపులు వేసుకుని ఏసీ చప్పుడు వింటూ కూర్చునేదాన్ని. తెలుగు మాట చెవిన పడాలంటే ఇంటికి ఫోను చేసుకోవాలి, లేదా మావారు వచ్చేదాకా ఆగాలి.

అలాంటి ఒక సాయంత్రం, వాకిట్లో బట్టలు తీస్తుంటే గేటు పక్క అవుట్‌హౌస్‌లోంచి ఒక గొంతు వినిపించింది.

"నువ్వు పో. నేనున్న ఎన్క. పో, పో... అరె, అటెందుకు పోతున్నవ్‌ర బై!"

లోపల ఇద్దరున్నారనుకున్నాను. తెలుగు విన్న సంతోషంలో మొహమాటం కూడా మర్చిపోయి కిటికీ దగ్గరికెళ్ళాను. లోపల నలభై దాటిన మనిషి ఒక్కరే ఉన్నారు. చేతిలో ఆట రిమోటు, ఎదురుగా టీవీ, టీవీలో నల్లటి ఆకాశంలో రెండు ఓడలు. నన్ను చూసి సిగ్గుపడి లేచి నిలబడ్డారు.

"ఎవరితో మాట్లాడుతున్నారండీ?" అన్నాను.

"ఆ రెండో బండి లేదా, దానితోని. దాన్ని మిషినే నడుపుతది. సోయి లేదు దానికి," అన్నారు.

ఆయనది జగిత్యాల దగ్గర పల్లె. ఒక కంపెనీలో క్యాంప్ బస్సుల ఇన్‌చార్జ్. తెల్లారకముందే కూలీలని సైట్లకి చేర్చే బస్సులన్నీ పంపించి, మధ్యాహ్నానికి గదికి వచ్చి నిద్రపోయి, సాయంత్రం ఆ ఆట ముందు కూర్చునేవారు. ఆట పెట్టె ఆయన కొన్నది కాదు. ఆ గదిలో ఆయనతోపాటు ఉన్న ఫిలిప్పీన్స్ మెకానిక్ ఉద్యోగం మానేసి వెళ్ళిపోతూ ఇచ్చిపోయాడట. అతనున్నన్నాళ్ళూ ఇద్దరూ కలిసి ఆడేవారు. అతను మొదటి ఓడ, ఈయన రెండోది. అతను వెళ్ళాక రెండో ఓడని మిషన్‌కి అప్పజెప్పి, మొదటి దానిలోకి ఈయన మారారు. "నచ్చదు నాకు. ముందట పోవుడు నాకు అలవాటు లేదు," అన్నారు.

అలా నేను మొదటి ఓడ నడపడం మొదలుపెట్టాను. "అన్నయ్యగారూ" అని నేను, "చెల్లె" అని ఆయన. మావారు కూడా శుక్రవారాలు వచ్చి కూర్చునేవారు కానీ, ఆట మొదలైన కాసేపటికే గోడకి ఆనుకుని నిద్రపోయేవారు. అన్నయ్యగారు ఆయన తల కింద దిండు పెట్టి, టీవీ సౌండు తగ్గించేవారు.

ఆట తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. అంతరిక్షంలో ఓడ నడుపుతూ, గుంపులుగా మీదికొచ్చే శత్రువులని కాలుస్తూ ముందుకి పోవాలి. అంతే. ఆ వరసలో మూడు ఆటలు వచ్చి ఆగిపోయాయి. ఆయన దగ్గర మూడూ ఉండేవి. నేను ఆత్రంగా ముందుకి దూసుకుపోయేదాన్ని. ఆయన నా వెనకాలే ఉండి, నా మీదికొచ్చే గుళ్ళకి అడ్డం వచ్చేవారు. దాంతో ప్రతిసారీ ఆయన ఓడే ముందు పేలిపోయేది. పేలిపోయాక రిమోటు ఒళ్ళో పెట్టుకుని, "ఎడమకి చూడు, ఎడమకి," అంటూ నా ఆట చూస్తూ ఉండేవారు.

"మీరు కూడా కాల్చండి అన్నయ్యగారూ, అడ్డం రావడమేనా?" అని విసుక్కునేదాన్ని.

"కొట్టేటోళ్ళు శానమంది ఉంటరు తియ్యి," అనేవారు.

ఒక దశ అయిపోయి ఇంకోటి మొదలయ్యేలోపు ఆ ఆటలో ఒక ఖాళీ ఉంటుంది. శత్రువులుండరు. ఓడలు రెండూ నెమ్మదిగా నక్షత్రాల మధ్య సాగిపోతుంటాయి. ఒక మీట నొక్కితే అది దాటేసి తర్వాతి దశకి వెళ్ళిపోవచ్చు. నేను నొక్కబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టేవారు. "ఉండనీ చెల్లె. ఎవడు కొట్టని జాగ గిదొక్కటే," అనేవారు. మేము మాట్లాడుకున్నదంతా ఆ ఖాళీలోనే. వాళ్ళావిడ పత్తి ఏరించిన సంగతి, చిన్నమ్మాయి డిగ్రీలో చేరిన సంగతి, మా అమ్మ మోకాళ్ళ సంగతి. మళ్ళీ శత్రువులు రాగానే మాట మధ్యలో ఆగిపోయేది.

ఇలా ఉండగా ఆ వరసలో నాలుగో ఆట తయారవుతోందని వార్త వచ్చింది. కొత్త ఆటలో ఏమేం కావాలో అభిమానులు చెప్పుకోవడానికి ఇంటర్నెట్‌లో ఒక చర్చావేదిక ఉంది. అన్నయ్యగారు చాలాకాలంగా దాన్ని చూస్తున్నారట. ఇంగ్లీషు చదివితే సగం అర్థమయ్యేది, రాయడానికి మాత్రం భయం. "జర మనది గూడ రాయరాదు చెల్లె," అని అడిగారు.

ముందు అందరూ రాసినవి చదివి చెప్పాను. వందమంది ఒకేసారి ఆడే యుద్ధం కావాలని కొందరు. ఓడకి రంగులు, రెక్కలు మనమే మార్చుకునే వీలు కావాలని కొందరు. తెర పట్టనంత పెద్ద శత్రువులు కావాలి, ఎప్పుడూ ఇంటర్నెట్‌కి కలిసే ఉండాలి, ఆ నక్షత్రాల ఖాళీ తీసేయాలి, అది టైం వేస్టు అని ఎక్కువమంది. అన్నయ్యగారు గడ్డం గోక్కుంటూ విన్నారు.

"నీకేం కావాలె?" అని ముందు నన్నే అడిగారు.

ఆ పైలట్ ఎవరో, ఇల్లు వదిలి అంత దూరం ఎందుకొచ్చాడో కథ ఉంటే బాగుంటుందన్నాను. హెల్మెట్ తీసి ముఖం చూపించాలన్నాను.

"ఎందుకొచ్చిండో తెలిసి ఏం చేస్తవ్? అందరు గందుకే వస్తరు," అని నవ్వారు. "ముఖం వద్దు. కనబడకుంటేనే మంచిగుంది. ఎవలన్న కూసోవచ్చు అండ్ల."

ఆయనకి కావలసినవి ఆయన చెబుతుంటే నేను రాశాను. ఒకే టీవీ ముందు ఇద్దరు కూర్చుని ఆడే వీలు ఉండాలి. ఇంటర్నెట్ లేకపోయినా నడవాలి, కూలీల క్యాంపుల్లో నెట్ సరిగ్గా రాదు. మధ్యలో ఆపుకునే మీట ఉండాలి, ఇంటినుంచి ఫోనొస్తే ఆట ఆగాలి కదా. ఖాళీని తీసేయొద్దు. రెండో ఓడ మొదటి ఓడని వదిలి మరీ దూరం పోకుండా ఉండాలి.

జవాబులు చాలానే వచ్చాయి. పోలండ్ నుంచి ఒకాయన, బ్రెజిల్ నుంచి ఒకావిడ మా వైపు మాట్లాడారు. ఒకతను మాత్రం, ఎక్కడివాడో తెలియదు, ఒకే తెరమీద ఇద్దరు ఆడే కాలం చచ్చిపోయిందని రాశాడు.

"సచ్చిపోయింది అంటే?" అన్నారు అన్నయ్యగారు.

"అలా ఇక ఎవరూ ఆడరని."

ఆయన మా చేతుల్లోని రిమోట్లకేసి చూశారు. "మరి మనం ఎవలం?"

అదే రాయమన్నారు. రాశాను. ఆ మనిషి దానికి జవాబివ్వలేదు కానీ, ఆ రోజు నుంచి మేమేం రాసినా ఎదురు వాదించడం మానలేదు. అన్నయ్యగారికి అతనంటే ఇష్టం పుట్టింది. "మనోడు ఏమన్న తిట్టిండా ఇయ్యాల?" అని డ్యూటీ నుంచి రాగానే అడిగేవారు.

కరోనా రోజుల్లో ఆయన లీవు రద్దయింది. విమానాలు లేవు. మేము ఒకరింటికొకరు పోకూడదు. అన్నయ్యగారు టీవీని కిటికీవైపు తిప్పి, రిమోటుని శానిటైజర్‌తో తుడిచి ఊచల మధ్యనుంచి నాకందించేవారు. నేను వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో, మూతికి గుడ్డ కట్టుకుని, ఆయన లోపల. ఊళ్ళో క్రేన్లు తప్ప కదిలేవి లేనట్టుండేది. ఆ రోజుల్లో ఆయన ఆట మధ్యలో "నేనున్న, నువ్వు పో" అనడం ఎక్కువైంది. నేను కాస్త దూరం పోతే గొంతు పెరిగేది. నేనది గమనించి, ఓడని మెల్లగా నడపడం మొదలుపెట్టాను.

తర్వాత మావారి పని మారి మేము దోహా పక్కనున్న అల్ వక్రాకి వచ్చేశాం. సామాను ఎక్కించే రోజు ఆయనే డిపోనుంచి మనుషుల్ని తెచ్చారు. లారీ కదులుతుంటే, "మెట్రో ఉంది కద, ఎంతసేపు," అన్నారు. అన్నట్టే శుక్రవారాలు మెట్రోలో వచ్చేవారు. మొదటిసారి వచ్చినప్పుడు ఆయన ముఖం చూడాలి.

"డ్రైవరే లేడు చెల్లె బండికి! ముందట అద్దం కాడ నిలబడ్డ. చీకట్లకెళ్ళి దీపాలు మీదికొస్తున్నయి, పోతున్నయి. అచ్చం మన ఆట లెక్కనే. గని ఎవడు కొడ్తలేడు," అన్నారు. భోజనం చేస్తూ కూడా అదే మాట. డ్రైవర్ల మధ్యే ఇన్నేళ్ళు బతికినాయన, డ్రైవరు లేని బండిలో తిరగడం కోసం కూడా మా ఇంటికొచ్చేవారేమో.

అయినా శుక్రవారాలు తగ్గాయి. ప్రపంచ కప్పు దగ్గరపడేకొద్దీ ఆయన బస్సులకి పని పెరిగింది. ఫోన్లో గొంతు అలిసిపోయి ఉండేది. ఎప్పుడు చేసినా చివర ఒకటే అడిగేవారు. "నాలుగోది ఎప్పుడొస్తదంట?" ఇంకా తారీఖు చెప్పలేదనేదాన్ని. "రానీ. కప్పు అయిపోతే ఇంటికి పోత. అప్పుడు బిడ్డకు నేర్పిస్త. ఇద్దరం ఆడుకుంటం," అన్నారు చివరిసారి.

ఆయన పోయిన కబురు, ఆయన ఊరి పేరుతో సహా, ఆ చర్చావేదికలో రాశాను. ఇన్నాళ్ళూ మా పేరుతో రాసింది ఇద్దరమని, మాట ఆయనదని, ఇంగ్లీషు మాత్రమే నాదని రాశాను. ఎన్నో జవాబులొచ్చాయి. బ్రెజిల్ ఆవిడ తన భాషలో ప్రార్థన రాసింది. ఎప్పుడూ వాదించే ఆ మనిషి మాత్రం ఒక్క ప్రశ్నే అడిగాడు, ఆయన ఊరి పేరు ఎలా పలకాలి అని. నేను విడమరిచి రాశాను. పలకడం వచ్చిందని తర్వాత రాశాడు.

ఆట ఇంకా రాలేదు. అందులో ఏముంటుందో ఏముండదో నాకు తెలియదు. కప్పు కూడా ఇంకా రాలేదు. మా వీధిలో దీపస్తంభాలకి దేశదేశాల జెండాలు కడుతున్నారు.

పోయిన వారం ఇండియా నంబరునుంచి ఫోను వచ్చింది. అన్నయ్యగారి భార్య. ఎప్పుడూ మాట్లాడుకోలేదు మేము. కంపెనీవాళ్ళు ఆయన సామాను పంపారట.

"అమ్మా, నువ్వు చెల్లెవట గద. గీ సామాన్ల ఒక నల్ల పెట్టె వచ్చింది. రెండు చేతులతోని పట్టుకునేటియి రెండున్నయి. టీవీదా ఏంది గిది?"

"అది ఆట పెట్టె వదినా. అన్నయ్యగారు ఆడుకునేవారు."

"ఆటనా? ఆయననా?" అందావిడ. "దుబాయ్ల ఆయన డ్యూటీ చేస్తడు, అన్నం తింటడు, పంటడు అనే నాకెర్క. ఫోన్ల గూడ ఎప్పుడు చెప్పలే. ఏం ఆట?" వాళ్ళ పల్లెలో గల్ఫ్ అంతా దుబాయే.

చెప్పాను. నక్షత్రాలు, ఓడలు, కిటికీ ఊచల్లోంచి అందించిన రిమోటు. వెనకాలే ఉండి అడ్డం రావడం, మెట్రో అద్దం. బిడ్డకి నేర్పిస్తానన్న మాట కూడా చెప్పాను. ఆవిడ ఊఁ కొడుతూ విన్నది. మధ్యలో ఒకసారి నవ్వింది, అది ఏడుపైంది, మళ్ళీ నవ్వింది. తర్వాత గొంతు సవరించుకుని, చిన్నపిల్లలా అడిగింది.

"గెలిచేటోడా?"

నాకు ఆయన ఒళ్ళో పెట్టుకున్న రిమోటు కనబడింది.

"గెలిచేవారు వదినా," అన్నాను.

ఆవిడ ఫోను పక్కన పెట్టినట్టుంది. దూరంగా, ఇంట్లో ఎవరికో గట్టిగా చెప్పడం వినిపించింది. "అత్తా, ఇన్నవా? గెలిచేటోడంట!" ముసలావిడ గొంతు ఏదో అడిగింది. ఇంకో ఆడపిల్ల గొంతు కలిసింది. ఫోను కట్ చెయ్యడం మర్చిపోయారు. కోళ్ళు, బోరు మోటారు, గిన్నెలో నీళ్ళు పడుతున్న చప్పుడు, ఎవరో చెప్పులేసుకుని వాకిలి దాటడం. నేనెప్పుడూ చూడని ఆ ఇంటిని చెవి దగ్గర పెట్టుకుని, చార్జింగ్ అయిపోయేదాకా అలాగే కూర్చున్నాను.