బాగయ్యే క్రాంకును పోయిందన్నాను

నా షెడ్డులో ఇంజన్లు ఎత్తే చైన్ కప్పీ ఉంది. ఎంత బరువైనా లేపుతుంది. ఏళ్ల తరబడి నా గుండె మీద కూర్చున్న ఈ ఒక్కదాన్ని మాత్రం లేపలేకపోయింది. అందుకే మీకు చెబుతున్నాను. పేరు అడక్కండి. వెంకటాచలం వైపు మెకానిక్కునని అనుకోండి, చాలు.

మా సంఘానికి పెద్ద పాస్టరుగారు ఉండేవారు. అందరం అయ్యగారు అనేవాళ్లం. పాత కారు తానే నడుపుకుంటూ సముద్రం ఒడ్డు పల్లెలకు ప్రార్థనలకు వెళ్లేవారు. చూపు తగ్గింది, ఒప్పుకోరు. ఒకసారి కరెంటు స్తంభానికి హారన్ కొట్టి, "పక్కకు జరుగు నాయనా" అన్నారు. నవ్వుకున్నాను. మరోసారి బడి వదిలిన పిల్లల మధ్య నుంచి వేగం తగ్గించకుండా పోనిచ్చారు. నవ్వు రాలేదు. ఇక నడపొద్దని చెప్పి చూశాను. ఆయన భార్య, మా అమ్మగారూ చెప్పారు. వినలేదు.

ఆ వారమే కారు నా దగ్గరికొచ్చింది, ముందువైపు టకటకమంటోందని. విప్పాను. ఇంజన్లో తిరిగే ప్రధాన ఇరుసు క్రాంక్ షాఫ్ట్. దాని కొస మీద ఒక గాడి, అందులో గోరంత ఇనుప ముక్క ఉంటుంది. దాన్ని కీ అంటాం, కీలకమైంది కాబట్టే కాబోలు. షాఫ్టుతో పాటు పుల్లీ తిరిగేది దానివల్లే. గాడి అరిగి వెడల్పై, బోసినోట్లో వక్కలా కీ కదులుతోంది. నయం కాని రోగమేమీ కాదు. అరిగినచోట వెల్డింగుతో నింపి, నునుపు చేసి, మళ్లీ గాడి తీస్తే సరి. ఎన్ని బండ్లకు చేశానో.

"క్రాంకే పోయిందయ్యా, ఇంకోటి ఎక్కడా దొరకదు" అన్నాను. షాఫ్టు గాడి అరిగింది, నేను గాడి తప్పాను.

నమ్మారు. విడిభాగాలకైనా పనికొస్తుందని కారు నాకే ఇచ్చేశారు. బస్సెక్కడానికి మోకాళ్లు సహకరించవు. పల్లెలకు వెళ్లడం ఆగిపోయింది.

అక్కడితో ఆగి ఉంటే పుణ్యమని చెప్పుకునేవాణ్ని. చేతులు ఊరుకోలేదు. బాగుచేశాను. పిల్లల కోసమే అబద్ధమాడినవాణ్ని, దాన్నెందుకు ముట్టుకున్నాను? ముట్టుకున్నవాణ్ని, ఆయన వీధిలోంచే ఎందుకు పోనిచ్చాను? పని ఎంత బాగా కుదిరిందో ఎవరికి వినిపించాలని?

వినిపించింది. వరండాలోంచి చెయ్యెత్తారు. ఆపాను.

"ఎవురది? ఆ శబ్దం మన బండిదే గదా?"

"కాదయ్యా, నేనే. ఇది వేరేవాళ్ల బండి. అట్లాంటిదే."

"కళ్ల సంగతి ఎట్టున్నా చెవులు బాగానే ఉండాయి నాయనా. అచ్చం మనదే మాదిరి ఉంది." ఎత్తిన చెయ్యి దించారు. "పోనీలే. వాళ్లది బాగైంది, మనది కాలేదు. ఇంక నా సేవ వద్దనుకున్నాడేమో దేవుడు."

గేరేసి ముందుకు పోనిచ్చాను. ఆ మాట నమ్ముకునే కొన్నాళ్లకు ఆయన కన్నుమూశారు.

తిట్టుకుంటే తిట్టుకోండి. ఆ పిల్లల్లో ఒక్కరు చక్రాల కింద పడి ఉంటే? మొదటి అబద్ధం రేపు ఆడమన్నా ఆడతాను, క్షమించమని ఎవరినీ అడగను. రెండోదానికి మాత్రం నా దగ్గర సాకు లేదు. అది పిల్లల కోసం కాదు, పట్టుబడతానని ఆడింది. దానివల్ల ఒక దైవసేవకుడు తన దేవుడే తనను కాదన్నాడనుకుంటూ చివరి రోజులు గడిపాడు.

దేవుడు కాదనలేదు. నేనన్నాను. ఇదిగో, ఇన్నాళ్లకు ఆ మాట పైకి అనేశాను.