చీరాల ఇసుకలో ఆరని మంచు

మా నరసింహం మాస్టారు గుంటూరు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్తారు. వచ్చే మార్చిలో రిటైరవుతున్నారు. పురుగుల్ని పట్టి తినే మొక్క గురించి ముప్ఫయ్యేళ్లుగా బోర్డు మీద బొమ్మ వేసి చెప్పడమే గాని, బతికున్నదాన్ని ఆయన ఒక్కసారీ చూడలేదు. చీరాల ఇసుకనేలల్లో, వానలు తగ్గాక అది మొలుస్తుందని ఎక్కడో చదివారు. ఆ ఒక్క ముక్క పట్టుకుని కార్తీకంలో ఒక ఆదివారం ఆయనా నేనూ బయల్దేరాం.

తెల్లవారుజామునే గుంటూరులో బండెక్కి, తెనాలిలో మారి, ఏడింటికి చీరాలలో దిగాం. స్టేషను ఎదుట ఇడ్లీ తిని, ముప్పావలాకు వాడరేవు దారిలో జట్కా మాట్లాడుకున్నాం. రోడ్డు పొడుగునా నేతవారు పడుగులు సాచి గంజి పెడుతున్నారు. వాళ్లకు అడ్డం రాకుండా జట్కా ఇసుకలోకి దిగి వెళ్లింది.

ఇసుక దిబ్బల మధ్య పల్లాల్లో దొరువులు, అంటే ఇసుకలో తవ్విన ఊటగుంటలు, ఉంటాయి. చేత్తో కడవ ముంచుకునేంత పైనే నీళ్లు. వాటి చుట్టూ పొగాకు నారుమళ్లు. మొక్క ఆకుల మీద మంచుబొట్ల లాంటి జిగురు మెరుస్తుందని మాస్టారు చెప్పారు. ఎనిమిదింటికి అక్కడ మెరవనిదేదీ లేదు. గడ్డి, తుంగ, నారు, అన్నిటి మీదా మంచే. గంటసేపు బోర్లా పడుకుని వెతికాం.

గట్టు మీద కలుపు చెక్కుతున్న పెద్దావిడ, సుబ్బమ్మ గారు, పార ఆపింది.

"ఏందయ్యా, ఉంగరం గానీ పారేసుకున్నారా?"

సంగతి చెప్పాం.

"అట్టయితే ఇప్పుడేం కనపడిద్ది? పొద్దెక్కనీండి. అన్నీ ఆరినాక ఇంకా తడిగా ఉండేదే అది. చేతికి అంటుకుంటందని ఇందాకే రెండు గట్లు చెక్కేశా. ఇదీ చెక్కబోతన్నా."

మాస్టారు గబుక్కున లేచారు. "అమ్మా, ఒక్క గంట ఆగండి."

"సరే, కలుపుకి కాపలా కాసేవాళ్లని ఇప్పుడే చూడటం!" అని నవ్వి, పార పక్కన పెట్టింది.

తొమ్మిదిన్నరకు గట్టంతా ఆరింది. దొరువు అంచున, అర్ధణా కాసంత చోటులో, ఎర్రటి ఆకులు నేలను కరుచుకుని ఉన్నాయి. ఆకు నిండా వెంట్రుకలు, ప్రతి వెంట్రుక కొసనా ఒక బొట్టు. మాస్టారు మళ్లీ బోర్లా పడుకుని, భూతద్దం నాకిచ్చారు. నేను పట్టుకుంటే ఆయన చూశారు.

"బంకుంటే సరా?" అంది సుబ్బమ్మ గారు. "మా పొగాకుకీ దోమలంటుకుంటయ్యి. అదీ తింటదా?"

ఆ ప్రశ్నకు మాస్టారు కూర్చున్నచోటే పరీక్ష పెట్టారు. ఒక చీమను పొగాకు నారు మీద వేశారు, మరొకదాన్ని ఈ ఆకు మీద. పొగాకు మీది చీమ గింజుకుని గింజుకుని బయటపడింది. ఇక్కడి చీమ గింజుకున్నకొద్దీ వెంట్రుకలు దాని మీదికి వంగాయి. కాసేపటికి చీమ కదలడం మానేసింది.

"దీని దుంపతెగ!" అంది సుబ్బమ్మ గారు. "ఈ గట్టు జోలికి ఈ ఏడు పోనులే." మాస్టారు కూడా ఆ మొక్కను పీకలేదు. ఆవిడ తన చద్దన్నంలో మజ్జిగ పోసి, పండుమిరపకాయ పచ్చడితో మా ఇద్దరికీ పెట్టింది.

వెళ్లేవారు మాలాగా తెల్లారకముందే పరుగెత్తనక్కర్లేదు. తొమ్మిది దాటాక వెళ్లి, ముందుగా అక్కడ పార పట్టినవాళ్లను అడగండి. ఆవిడ చెయ్యి ఆపకపోతే మా ప్రయాణం ఉత్తదే అయ్యేది.

ఒంటిగంట బండిలో ఎదుటి బెంచీ మీద గుంటూరు మిర్చి వ్యాపారి ఒకాయన కూర్చున్నాడు. మా మాటలు విని నవ్వాడు.

"మొక్క చీమని తినటమేంటండీ! ఎవరన్నా చూశారా?"

"నేను చూశానండీ," అన్నారు మాస్టారు, బండి చప్పుడుకు అక్కర్లేనంత గట్టిగా.