మహిమ ముందు చక్రం

మా మహిమ గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అడక్కపోయినా రాస్తున్నాను. ఊళ్ళో ఆ పిల్ల గురించి తలా ఒక కథ చెబుతున్నారు, అందులో సగం అబద్ధం. నా పేరు ఎలీషా, వాళ్ళ పక్కింటివాణ్ణి. నా మగ్గం గుంటలో కూర్చుంటే కిటికీలోంచి వాళ్ళ వసారా మొత్తం కనిపిస్తుంది. చూసిందే చెబుతాను.

వేటపాలెం దగ్గర మా నేతపేటలో ఇంటికో మగ్గం, మగ్గానికో రాట్నం. మహిమ తండ్రి యేసుపాదం చీరలు నేస్తాడు. నాయనమ్మ పుల్లమ్మ వసారాలో రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతుంది. మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే నూలు కండె తయారుగా లేకపోతే పని ఆగిపోతుంది. మహిమ పని సైకిలు మీద. చీరాల నుంచి నూలు తేవాలి, నేసిన చీరలు షావుకారుకి అప్పగించాలి. వెనక మూట కట్టుకుని ఆ పిల్ల తొక్కుతుంటే ఆటోవాళ్ళు సరదాకి పందెం కట్టేవాళ్ళు. ఓడిపోయి, మూట లేకపోతే మేమే గెలిచేవాళ్ళమని చెప్పుకునేవాళ్ళు. వాళ్ళ తెలివి అలాంటిది.

రైల్వేలో పనిచేసే ఒకాయన బదిలీ మీద వెళ్ళిపోతూ, వంపు హ్యాండిలున్న తన రేసు సైకిలు అమ్మకానికి పెట్టాడు. మహిమ అన్నం మానేసి మరీ దాన్ని కొనిపించుకుంది. హైవేని నాలుగు వరసలు చేసిన కొత్తలో ఒంగోలులో జిల్లా సైకిలు పందెం పెట్టారు. ఆడపిల్లల్లో మొదటి ఇద్దరికి రాష్ట్ర పోటీలకు చోటు. మేదరమెట్ల దాకా వెళ్ళి వెనక్కి రావాలి. వెళ్ళేటప్పుడు మహిమ ముందు గుంపులోనే ఉంది. మేదరమెట్ల దగ్గర అందరూ వేగం తగ్గించి మలుపు తిరిగారు. తిరిగాక మిగతావాళ్ళు ఇట్టే వేగం అందుకున్నారు. ఈమె ఇనప రిమ్ములు మాత్రం బండరాళ్ళలా మొరాయించాయి. అక్కడ పడ్డ ఎడం మళ్ళీ పూడలేదు.

పందెం అయ్యాక, అది నడిపే జిల్లా సైకిలు సంఘం కార్యదర్శి మైకు పక్కన నిలబడి, "ఇది రేసమ్మా. ఈ చక్రాలతో నూలు మూటలు మోసుకో, బాగా పనికొస్తాయి" అన్నాడు. మైకు ఆపలేదు. మైదానమంతా నవ్వింది. ఆయన పేరు నేను రాయను, రాస్తే మురిసిపోతాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మహిమ మాత్రం చెమట తుడుచుకుని, "ఓడింది నా కాళ్ళు కాదు మామా, చక్రాలు. వచ్చే ఏడు ఆ మలుపు దగ్గరే వీళ్ళని వదిలేసి వస్తా, చూడు" అంది.

అప్పటి నుంచి చక్రాల వేట మొదలైంది. చీరాల స్టేషన్ రోడ్డులో నన్నే సాహెబ్ అని సైకిళ్ళు బాగుచేసే పెద్దాయన ఉన్నాడు. ఆయన మాట్లాడితే రోడ్డవతల టీకొట్టుకి కూడా వినిపిస్తుంది.

"ఫ్రేము బరువు సంగతి వదిలెయ్యమ్మాయ్! తిరిగే బరువు తగ్గించు. అదీ అంచు దగ్గర తగ్గాల. రిమ్ము తేలికది చూడు, టైరు సన్నది చూడు. హబ్బులు పాతవే ఉండనీ, డబ్బు దండగ. స్పోకులు మాత్రం తగ్గించమాక. మన గుంతల్లో పడితే చక్రం అప్పడం అయిపోద్ది" అన్నాడు.

విజయవాడలో ఒక పెద్ద షాపుకి వెళ్ళింది. విదేశీ చక్రాలు అద్దాల వెనక ఉన్నాయట. చేతికిస్తే బరువు ఉన్నట్టే లేదట. "వాటి ధర కట్టాలంటే మగ్గంతో పాటు మమ్మల్ని కూడా అమ్మాల మామా" అని నవ్వుతూ వచ్చింది. గుంటూరులో మిర్చి యార్డు వెనక సందులో పాత అల్యూమినియం రిమ్ములు ఉన్నాయంటే, తుమ్ముకుంటూ అక్కడికీ వెళ్ళింది. చూస్తే స్పోకు రంధ్రాల దగ్గర వెంట్రుకంత పగుళ్ళు. "ఆడపిల్ల తొక్కేదానికి ఇది చాల్లే" అన్నాడట కొట్టువాడు. "ఎవరు తొక్కుతున్నారో చూసి పగలదండీ అది" అని రిమ్ము ఆయన ఒళ్ళో పెట్టి వచ్చేసింది. కొత్త అల్యూమినియం రిమ్ములు మామూలు సైకిళ్ళ కొలతలో దొరుకుతున్నాయి. రేసు సైకిలు కొలతలో కావాలంటే తెప్పించాలి, ఎప్పుడొస్తాయో చెప్పలేమన్నారు.

తిరిగి తిరిగి ఆ పిల్లకి ఒక అలవాటు పట్టుకుంది. ఏ కొట్లో రిమ్ము కనిపించినా చూపుడు వేలికి తగిలించి, కళ్ళు మూసుకుని బరువు చూసేది. జనం వింతగా చూస్తే చూడనీ అనేది.

పందెం పక్షం రోజుల్లోకి వచ్చింది. ఆ రోజు పొద్దున పుల్లమ్మ రాట్నం కీచుమంటోంది. ఇరుసుకి గ్రీజు పెడదామని మహిమ చక్రం ఊడదీసింది. ఊడదీసి పక్కన పెట్టబోయి, అలాగే నిలబడిపోయింది. చూపుడు వేలికి తగిలించింది. కళ్ళు మూసుకుంది. నేను కిటికీలోంచి చూస్తున్నాను.

"ఎలీషా మామా! ఒకసారి ఇటు రా!"

గుంటలోంచి లేచి పరిగెత్తాను. మా పేటలో రాట్నాలన్నిటికీ పాత సైకిలు రిమ్ములే ఉంటాయి. కదురుని తిప్పే తాడు జారకుండా రిమ్ముకి గుడ్డ పీలికలు చుడతాం. ఏళ్ళ తరబడి గంజి, నూలు దూది, చేతి మురికి పట్టి ఆ గుడ్డ తోలులా నల్లబడిపోతుంది. లోపల ఉన్నది ఇనుమే అనుకుంటాం, ఎవరూ విప్పి చూడరు. మహిమ బ్లేడుతో పీలికలు కోసింది. లోపల తెల్లటి అల్యూమినియం మెరిసింది. సైకిలు పక్కన పెట్టి చూస్తే కొలత కూడా సరిపోయింది.

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, విజయవాడ, గుంటూరు తిరిగొచ్చిన పిల్లకి చక్రం సొంత వసారాలో దొరికింది. పుల్లమ్మ తాపీగా, "మీ తాత ఆదాం రైల్వే క్వార్టర్ల దగ్గర పాతసామాన్లో రెండు తెచ్చాడే. ఏ దొర సైకిలువో. రెండోది అదిగో" అని పైకి చూపించింది. దూలానికి వేలాడదీసిన రిమ్ము, దాని చుట్టూ ఆరేసిన ఎర్రనూలు చిలపలు. పుట్టినప్పటి నుంచీ ఆ పిల్ల దాని కిందే నిద్రపోయింది.

"పైది చాల్లే. ఇది నీకే ఉండనీ" అంది మహిమ, చక్రం మళ్ళీ రాట్నానికి బిగించబోతూ.

అలా ఎందుకందో నాకప్పుడు అర్థమైంది. పుల్లమ్మ ఈడువాళ్ళందరూ భుజాలు పడిపోయి రాట్నం మానేశారు. పుల్లమ్మది ఉక్కు చెయ్యి అని పేటంతా చెప్పుకునేది. చెయ్యి ఉక్కుదే కావచ్చు, చక్రం మాత్రం తేలికది. అది తీసి ఇనప రిమ్ము పెడితే ఆ మణికట్టు ఎన్నాళ్ళు ఆగుతుంది?

"ఒక్క చక్రంతో రేసుకి పోతావంటే, పిచ్చిదానా?" అంది పుల్లమ్మ. "తీసుకో."

"తీసుకోను."

"అయితే నేనూ కండె చుట్టను" అని ముసలామె చేతులు కట్టుకుని గోడకి ఆనుకుంది.

నిజంగానే చుట్టలేదు. మధ్యాహ్నానికి యేసుపాదం కండెలు అయిపోయాయి, మగ్గం ఆగింది. బతిమాలాడు, అరిచాడు. పుల్లమ్మ కదల్లేదు. "ఆ మైకులో మాట దీన్నొక్కదాన్నే అన్నాడంట్రా? నూలు మోసేవాళ్ళకి రేసెందుకని మనందర్నీ అన్నాడు. నూలు చుట్టిన చక్రంతోనే పోయి చూపించమను. అప్పుడు చుడతా" అంది. సాయంత్రం యేసుపాదమే స్పానరు పట్టుకుని రాట్నం చక్రం విప్పాడు. మహిమ ఏడుస్తూ, తిడుతూ తీసుకుంది.

నన్నే సాహెబ్ పాత హబ్బులకి కొత్త స్పోకులు అల్లి, సొట్టలు తీసి, సన్న టైర్లు ఎక్కించాడు. మహిమ పాత ఇనప రిమ్ము రాట్నం ఎక్కింది.

పందెం రోజున కార్యదర్శి సైకిలు చూసి, "ఇవెక్కడివమ్మా?" అన్నాడు.

"మా నాయనమ్మవండీ" అంది మహిమ.

నేను మేదరమెట్ల మలుపు దగ్గరే నిలబడ్డాను. ఎదురుగా పత్తి లారీలు ఆపేశారు, గాలికి దూది ఎగురుతోంది. ఆడపిల్లలంతా గుంపుగా వచ్చి, వేగం తగ్గించి తిరిగారు. మహిమ జీను మీంచి లేచి తొక్కింది. చక్రాలు పిలిస్తే పలికినట్టు పలికాయి. పక్కవాళ్ళు హ్యాండిలు సర్దుకునే లోపల వాళ్ళకి ఈమె వీపు కనిపించింది. నేను పెద్దగా కేకలు పెట్టాను, సిగ్గేం లేదు.

మొదటి స్థానం వచ్చిందని రాస్తే మీకు బాగుంటుంది. రాలేదు, రెండోది వచ్చింది. రాష్ట్ర పోటీలకి అది చాలు. ఆ సంగతి చెబుదామని ఇంటికెళితే పుల్లమ్మ మణికట్టు వాచి ఉంది, పసుపు కట్టుకుని అలాగే తిప్పుతోంది. చక్రం తిరిగిచ్చేస్తానని మహిమ గొడవపడింది. ఆ పోటీలు కూడా కానివ్వమంది ముసలామె.

ఆ పోటీల్లో పతకం రాలేదు గానీ, జిల్లా పిల్లల్లో మహిమే ముందు వచ్చింది. దాంతో సంఘానికి హఠాత్తుగా ప్రేమ పుట్టింది. శాలువా కప్పి, ఎవరో దాత ఇచ్చిన విదేశీ చక్రాల జత బహూకరించారు. విజయవాడలో అద్దాల వెనక చూసినవాటి లాంటివే.

వారం తర్వాత కార్యదర్శి ఫొటోగ్రాఫరుని వెంటబెట్టుకుని మా పేటకి వచ్చాడు. సైకిలుకి వెనక కొత్త చక్రం ఉంది. ముందు ఆదాం తెచ్చిన పాతదే.

"మేమిచ్చిన ముందు చక్రం ఏదమ్మా? అమ్మేశావా?"

"అదిగోనండీ" అని మహిమ వసారాలోకి చూపించింది. పుల్లమ్మ రాట్నంలో కొత్త చక్రం చప్పుడు లేకుండా తిరుగుతోంది.

ఆయన ముఖం ఎర్రబడింది. "అది రేసు చక్రం!"

"తెలుసండీ. మా ఇంట్లో అందరికంటే ఎక్కువ దూరం తిప్పేది ఆవిడే."

"సరే, ఒక్క నిమిషం తీసి సైకిలుకి పెట్టండి, ఫొటో తీసుకుని పోతాం" అంటూ ఆయన వసారా ఎక్కి రాట్నం ముందు నిలబడ్డాడు.

పుల్లమ్మ తలెత్తలేదు, చెయ్యి ఆపలేదు. "తీస్తే మా వాడి మగ్గం ఆగుద్ది. ఫొటో తిరిగేటప్పుడే తీసుకోండి" అంది. తర్వాత నూలు పోగు పైకెత్తి కళ్ళు చికిలించి, "కొంచెం అవతలికి జరుగు నాయనా, వెలుతురుకి అడ్డమొస్తన్నావు" అంది.