ప్రాణం ఇరవై మూడుకు నాలుగు

ఆ రోజుల్ల ఎక్సెల్ గళ్లల్ల పట్టనిది ఈ లోకంల ఏదీ లేదని నా గట్టి నమ్మకం. ఇరవై రెండేండ్ల వయసు, బీకాం అయిపోయి ఆర్నెల్లు, నాందేడ్‌ల ఒక కోచింగ్ క్లాసు ఆఫీసుల మొదటి నౌకరీ. మా నాయన రైల్వే కొలువు మీద నిజామాబాద్ దిక్కు నుంచి వచ్చి ఈడనే ఉండిపోయిండు గనుక మాకు ఇంట్ల తెలుగు, ఆఫీసుల మరాఠీ, బజార్ల హిందీ. మూడిట్ల ఏ ఒక్కటీ సక్కగ రాదు గాని ఎక్సెల్ మాత్రం బాగొచ్చని చెప్పుకుంట తిరిగేదాన్ని. ఇంట్లకు తేవాల్సిన కిరాణా సామాను కూడ గళ్లల్లనే రాసి ప్రింటు తీసేదాన్ని. (మా అమ్మ ఆ కాగితం చూసి, "ఉప్పుకు సీరియల్ నంబరు ఎందుకే?" అని అడిగింది.)

డాక్టరు చదువు పరీక్షకు తయారైతున్న పిల్లల మార్కులు వారం వారం నింపుడు నా పని. ఒక్కొక్కలకు ఒక్కో షీటు. పైన క్లాసు పేరు, రోల్ నంబరు. కింద సబ్జెక్టులు, మార్కులు. పక్కన 'శేరా' అని ఒక గడి. శేరా అంటే మరాఠీల మాష్టర్ల అభిప్రాయం అన్నట్టు. కాని అది మాష్టర్లు రాసేది కాదు, నేను పెట్టిన ఫార్ములా రాసేది. మార్కులు బాగుంటే 'ఉత్తమ్' అని, ముప్పై అయిదు దాటకుంటే 'ఇంకా మెహనత్ చెయ్యాలె', అంటే కష్టపడాలె, అని దానంతట అదే వచ్చేది. బుధవారం సాయంత్రం ఒక్క బటన్ నొక్కితే షీట్లన్నీ తల్లిదండ్రుల ఫోన్లకు పోయేవి. ఆ బటన్ నొక్కేటప్పుడు విమానం నడుపుతున్నట్టే అనిపించేది.

గప్పుడే పుణేల చదువుకొని వచ్చిన మా పెద్దమ్మ కొడుకు ఒక ఆట తెచ్చిండు. ఐతారం మధ్యాన్నం అన్నాలు తిన్నంక వాళ్ల ఇంట్ల కూసునేది. అన్న కథ చెప్తడు, మేం ముగ్గురం అక్కచెల్లెండ్లం ఆ కథల తలా ఒక మనిషి. "ముందట గుహ ఉంది, ఏం జేస్తరు?" అంటడు. మేం ఏదో చెప్పి పాచికలు వెయ్యాలె, మంచి అంకె పడితే బతుకుతం. మన మనిషికి బలమెంత, తెలివెంత, ప్రాణం ఇంకెంత మిగిలింది అని రాసుకునే కాగితం ఒకటి ఉంటది. అక్కచెల్లెండ్లు నోటుబుక్కుల పెన్సిల్‌తోని రాసుకున్నరు. ఎక్సెల్ వచ్చినదాన్ని నేను పెన్సిల్ పట్టుడేంది అని ఆఫీసు కంప్యూటర్‌లనే నా మనిషికి షీటు తయారుచేసిన.

తయారుచేసిన అంటే కాపీ కొట్టిన. రోల్ నంబరు నలభై ఒకటి షీటు తీసుకొని, ఫిజిక్స్ ఉన్నకాడ 'శక్తి' పెట్టిన, బయాలజీ ఉన్నకాడ 'బుద్ధి', ఆఖర్న మొత్తం మార్కులున్నకాడ 'ప్రాణం'. మనిషికి ఇంకా పేరు కుదరలే, ఆ గడి ఖాళీ ఉంచిన. మూలకు చిన్నక్షరాలల్ల ఆ పిల్ల తల్లి ఫోన్ నంబరు ఉంది. అది తియ్యలే. (ఎందుకు తియ్యలే అంటే, కనబడలే. అంతే.)

మూడో ఐతారం మా ఆటల గుహలకు పోయినం, నన్ను పాము కరిసింది. సోమవారం ఆఫీసుకొచ్చి బుద్ధిగ అంతా నింపి, ఎప్పుడూ వేరే దాచే ఆ షీటును ఈసారి పిల్లల మార్కుల షీట్ల నడుమనే సేవ్ చేసిన. బుధవారం బటన్ నొక్కిన.

గురువారం పదకొండు గంటలకు ఒకామె ఉరుక్కుంట ఆఫీసులకు వచ్చింది. ఒక చేతిల థర్మాస్, ఇంకో చేతిల దుప్పటి, తువ్వాలలు కుక్కిన సంచి. దెగ్లూర్‌ల గాజుల దుకాణం వాళ్లది. తెల్లారి ఫోన్ చూసుకొని, ఇక్కడికి చేస్తే ఎవ్వరూ ఎత్తకుంటే, దుకాణం తెరవకుండనే బస్సెక్కిందట.

"నా బిడ్డను ఏ దవాఖానల ఏసిండ్రు?"

నాకు ఒక్క ముక్క అర్థం కాలే. ఆమె ఫోన్ తీసి నా ముక్కు కింద పెట్టింది. పైన మా క్లాసు పేరు, రోల్ నంబరు నలభై ఒకటి. కింద: శక్తి 17. బుద్ధి 8. దెబ్బలు: ఎడమ చెయ్యి, పాము విషం, వైద్యుడు దొరకలేదు. తోడు: ఒక గాడిద. ప్రాణం: 23కు 4. శేరా: ఇంకా మెహనత్ చెయ్యాలె.

"పాము కరిసినంక మెహనత్ ఎట్ల చేస్తది మేడం? మీకు మనసున్నదా?" అని ఆమె ఏడిసింది.

అది నా ఆట షీటు. నిజం చెప్తే నౌకరీ పోతదని, "అది కంప్యూటర్ తప్పమ్మా" అన్న.

ఆమె ఏడుపు ఆపి నన్ను చూసింది. "కంప్యూటర్‌కు గాడిద సంగతి ఎట్ల తెలుసు?"

ఇగ దాచలేకపోయిన. "అది మీ బిడ్డ కాదమ్మా. నేను."

"నిన్ను కరిసిందా పాము?"

"ఆటల కరిసింది. మా అన్నతోని ఆడుతున్న."

"ఇంత పెద్ద పిల్లవు, ఏం ఆటనే అది?" అని, జరమొచ్చినోళ్లను చూసినట్టు నా మొఖం దిక్కు చూసుకుంట కుర్చీల కూలబడ్డది.

క్లాసుల నుంచి పిల్లను పిలిపించిన. తల్లి లేచి ముందుగాల ఎడమ చెయ్యి చూసింది, తర్వాత కుడి చెయ్యి కూడ చూసింది. (చదువుకున్నోళ్లు కుడి ఎడమ తప్పు రాస్తరని ఆమె అనుమానం.) చేతులు బాగనే ఉన్నయి. పిల్ల ఏందమ్మా అని ఫోన్ తీసుకొని చదివింది. నవ్వుతది, ఈ గండం గట్టెక్కుతది అని నేను చూస్తున్న. ఆ పిల్ల గాడిద కాడ నవ్వలే. ఆఖరు వరుస దాక చదివి, "అమ్మా, నా మార్కుల కాగితం కంటె ఇదే కరెక్ట్ ఉంది" అని గొల్లుమన్నది.

ఆ పిల్ల అసలు షీట్ల శేరా గడిల 'ఉత్తమ్' ఉంది. నేనే పంపిన. రెండు వారాల సంది హాస్టల్ల సరిగ్గ తింటలేదట, పండుకుంటలేదట, ఇంటికి ఫోన్ చేస్తే ఏడుపొస్తదని ఫోన్ చేస్తలేదట. తల్లి సంచి కింద పెట్టింది. థర్మాస్ మూతల పాలు పోసి, నా టేబుల్ కాడనే నిలబెట్టి తాగించింది. నేను తల వంచుకొని కీబోర్డు తుడుచుకుంట కూసున్న.

గొడవ విని డైరెక్టర్ సార్ లోపలికి పిలిచిండు. పోయేటప్పుడే మనసుల రాజీనామా రాసుకున్న. నేను నోరు తెరవక ముందే ఆమె నా ఎన్క వచ్చి నిలబడ్డది. "ఈ పిల్లను ఏమనకురి సార్. మీ ఉత్తమ్ కాగితాలు చూసుకుంట నేను నిమ్మలంగ ఇంట్ల కూసున్న. ఈమె కాగితం చూసినంకనే బస్సెక్కిన. నా బిడ్డను ఎనిమిది దినాలు తీస్కపోతున్న."

సార్ సెలవు చీటీ మీద సంతకం పెట్టి ఇచ్చిండు. ఆ తల్లీబిడ్డ పోయినంక నా దిక్కు తిరిగి, మధ్యాన్నం దాటితే ఆ ఆట కంప్యూటర్‌ల కనబడొద్దు అన్నడు. సరే సార్ అని తలుపు దాక పోయిన. "ఆగు. ఆ గాడిదకు ఏమైంది?" అని అడిగిండు.

"గుహ బయట కట్టేసిన సార్."

"మంచి పని చేసినవ్" అన్నడు, మళ్ల కాగితాలు చూసుకున్నడు.

వచ్చే వారం షీట్లల్ల 'తిండి, నిద్ర' అని ఇంకో గడి పెట్టమన్నడు. దానికి ఫార్ములా దొరకలే నాకు. బుధవారం పొద్దున బెంచీ బెంచీకి పోయి, "తిన్నవా, పండుకున్నవా?" అని అడిగి రాసుకొచ్చేదాన్ని. రోల్ నంబరు నలభై ఒకటి తొమ్మిదో రోజు తిరిగొచ్చి, నేను అడగకముందే "తిన్న అక్కా" అన్నది. కొన్ని ఐతారాలు మా ఆటకు కూడ వచ్చింది.

నాకిప్పుడు ముప్పై దాటింది, ఇంకో ఆఫీసుల పెద్ద కుర్చీలనే కూసుంటున్న. ఏ కాగితం పంపినా రెండుసార్లు చదివి పంపుత. తప్పనేది దొరకదు. అవి చూసి గాభరా పడి బస్సెక్కి ఉరికొచ్చినోళ్లు ఇంతవరకు ఒక్కరూ లేరు.